యుద్ధనౌక దీవి – పదిమంది మెచ్చని చిత్రం

జపాను దేశానికి పడమటి కొసన నాగసాకి రేవుపట్నం ఉన్నది. ఆ రేవునుంచి పడవలో సుమారు 19 కిలోమీటర్లు పోయేసరికి నడిసముద్రంలో బూడిదరంగు యుద్ధనౌక ఒకటి లంగరు దించి నిలిచినట్లు కనబడుతుంది. అది నౌక కాదు, దీవి. దాని అసలు పేరు హషిమా. నాగసాకిలోనే కట్టిన ‘తోసా’ అనే యుద్ధనౌకను పోలివున్నదని జనం దానిని గుంకన్‌జిమా అన్నారు. అనగా యుద్ధనౌక దీవి. ఉత్తర దక్షిణాలు 480 మీటర్లు, తూర్పు పడమరలు 160 మీటర్లు. చుట్టుకొలత 1,200 మీటర్లు. ఉదయం పూట చెరువుకట్టమీద షికారుకు పోయే మన పెద్దలు ఇంతకంటె ఎక్కువ దూరమే నడుస్తారు. ఈ కాస్త నేలమీద 1959లో 5,259 మంది కాపురం ఉండేవారంటే చదువరులు నమ్మగలరా? ఇప్పుడు ఒక్కరూ లేరు.

ఆ దీవిని చూడడానికి ఒక్కొక్కరు ఒక్కొక్క కారణంతో వస్తారు. చరిత్ర చదివినవారు చరిత్రకోసం, ఫోటోలు తీసేవారు శిథిలాలకోసం, 2012లో వచ్చిన జేమ్స్‌బాండు చిత్రం ‘స్కైఫాల్’లో దుష్టుని స్థావరానికి ఈ దీవే నమూనా అని విన్నవారు అందుకోసం. మేము వెళ్ళింది కూడా ఒక సినిమాకోసమే. అదీ నలుగురూ బాగాలేదని తేల్చిన సినిమాకోసం. ఆ సంగతి ముందుగానే చెప్పి తర్వాత ప్రయాణం చెప్పడం న్యాయం.

ఆ సినిమా పేరు ‘షింగెకి నో క్యోజిన్’. ఇంగ్లీషులో ‘అటాక్ ఆన్ టైటన్’ అన్నారు. మన మాటలో మహాకాయుల దాడి అనుకోవచ్చు. హజిమె ఇసాయామా అనే యువకుడు 2009లో మొదలుపెట్టి 2021 దాకా మాసపత్రికలో వేసిన బొమ్మల కథ దీనికి మూలం. కథ ఏమంటారా? మనుష్యులను తినే మహాకాయులు లోకాన్ని ముంచెత్తగా, మిగిలిన జనం ఎత్తైన గోడలు కట్టుకుని నూరేళ్ళుగా లోపల బ్రతుకుతూ ఉంటారు. ఒకనాడు గోడకంటె పొడవైన మహాకాయుడొకడు వచ్చి దానిని పగులగొడతాడు. ఆ కథను 2013లో బొమ్మల చిత్రంగా తీస్తే ప్రపంచమంతా విరగబడి చూసింది. 2015లో మనుష్య నటులతో సినిమా తీశారు. మొదటిభాగం ఆగస్టు 1న, రెండవభాగం సెప్టెంబరు 19న వచ్చాయి. దర్శకుడు షింజీ హిగుచి.

ఆ చిత్రాన్ని చూసి మూలకథ అభిమానులు మండిపడ్డారు. మొదటిభాగానికి జపానులో సుమారు 325 కోట్ల యెన్లు వసూలైతే రెండవభాగానికి 168 కోట్లే వచ్చాయి. మొదటిది చూసినవారిలో సగంమంది రెండవదానికి రాలేదన్నమాట. ఇంతకంటె స్పష్టమైన విమర్శ ఏ పత్రికా రాయలేదు. మేము మాత్రం ఇంట్లో చిన్నతెరమీద, అడుగున పడే ఇంగ్లీషు అక్షరాల సాయంతో ఆ రెండు భాగాలూ నాలుగుసార్లు చూశాము. ఇంకొకసారి చూడమన్నా చూస్తాము. మాకు ఆ చిత్రమంటే ప్రేమ. ప్రేమ ఉన్నప్పుడు వకాల్తా పుచ్చుకోవడమూ తప్పదు గదా.

మా బావమరిది ఫుకువోకాలో ఒక కర్మాగారంలో ఉద్యోగం చేస్తున్నాడు. కొన్నేళ్ళుగా రమ్మని పోరుతూనే ఉన్నాడు. మావంటి గుమాస్తాకు విదేశయానమంటే ప్రావిడెంటు ఫండు కదిలించవలసినదే. టిక్కెట్లు అతడే కొన్నాడు గనుక కదిలించకుండా గట్టెక్కాము. మేమూ, ఇల్లాలూ, పి.యు.సి. చదివే మా పెద్దవాడూ బయలుదేరాము. పెద్దవాడు ఆ బొమ్మల కథకు వీరభక్తుడు. సినిమా పేరు ఎత్తితే అగ్గిమీద గుగ్గిలమవుతాడు. అందుచేత ప్రయాణంలో మొదటినుంచీ రెండు పక్షాలు ఏర్పడ్డాయి. వాడు మూలకథ పుట్టిన ఊరు చూడాలన్నాడు. మేము సినిమా పుట్టిన దీవి చూడాలన్నాము. బావమరిది నవ్వి, “బావా, జపానువాళ్ళే మరచిపోయిన సినిమాకోసం నువ్వు కోలారు గనులనుంచి వచ్చినావంటే ఇక్కడ ఎవరూ నమ్మరు” అన్నాడు. చివరకు రెండూ చూడడానికి రాజీ కుదిరింది.

ముందు వాడి పక్షమే నెగ్గింది. ఇసాయామా పుట్టిపెరిగినది ఒయితా జిల్లాలో హితా పట్టణం దగ్గర ఒయామా అనే పల్లె. ఫుకువోకానుంచి బస్సులో పోయాము. చుట్టూ కొండలు. ఏవైపు తల తిప్పినా కొండ అడ్డం వస్తుంది. ఆ కొండల మధ్య పెరిగిన పిల్లవాడికి గోడల కథ తోచిందంటే ఆశ్చర్యం లేదు. పల్లెపైన ఒయామా ఆనకట్ట ఉన్నది. ఎత్తు 90 మీటర్లకు పైమాటే. దాని అడుగున కథలోని ముగ్గురు పిల్లలు ఎరెన్, మికాసా, అర్మిన్ తలలెత్తి పైకి చూస్తున్నట్లు కంచు విగ్రహాలు 2020లో నిలబెట్టారు. ఆ పిల్లల వెనుక నిలబడి చూస్తే ఆనకట్టే మహాగోడ అయిపోతుంది. దానిపైనుంచి ఒక తల తొంగిచూస్తుందేమోనని ఒళ్ళు ఝల్లుమంటుంది. చాలా మంచి ఊహ. ఆ పని చేసినవారిని మెచ్చుకోకతప్పదు.

హితా రైలుస్టేషను ముందు లెవీ అనే వీరుని విగ్రహం ఉన్నది. కథాభిమానులకు అతడంటే ప్రాణం. మా పెద్దవాడు ఆ విగ్రహాన్ని చూపించి, “నాయనా, చూసినావా? ఊరి గుమ్మంలోనే నిలబెట్టినారు. నీ సినిమాలో ఈయనకు చోటే లేదు” అన్నాడు. అది వాడి మొదటి అభియోగం. నిజమే, చిత్రంలో లెవీ లేడు. అతని స్థానంలో షికిషిమా అనే కొత్త పాత్రను పెట్టారు. చిత్రకథ రాసినవారిలో ఒకరైన తొమోహిరో మచియామా, మార్పులు చేయమని మూలరచయితే కోరినట్లు బహిరంగంగా చెప్పాడు. ఆ సంగతి వాడికి చెప్పాము. “అడిగితే మాత్రం ఇట్లా చేస్తారా?” అన్నాడు. వాదన అక్కడికి ఆగి, దారిలో ఇడ్లీలు లేవన్న వాదన మొదలయింది.

మర్నాడు మా వంతు. హకాతా స్టేషనులో రైలెక్కి తకెయో ఒన్సెన్ అనే చోట దిగితే ఎదుటి ప్లాట్‌ఫారంమీదనే ఇంకొక రైలు సిద్ధంగా ఉన్నది. పశ్చిమ క్యూషూకు 2022లో వేసిన వేగపు రైలుమార్గం అది. ఈ రైలునుంచి ఆ రైలుకు పదడుగులు. మన జంక్షన్లలో మెట్లెక్కి దిగి కూలీతో బేరమాడడం అలవాటైనవారికి ఇది వెలితిగా కూడా తోస్తుంది. ఇంచుమించు గంటన్నరలో నాగసాకి చేరాము. కొండవాలున మెట్లు మెట్లుగా ఇండ్లు, వీధుల్లో ట్రాములు, ఎదుట రేవు. 1945 ఆగస్టు 9న ఈ పట్టణంమీదనే అణుబాంబు పడింది. ఆ స్మారకచిహ్నాల విషయం మరొకప్పుడు రాస్తాము. రెంటినీ ఒకే వ్యాసంలో ఇరికించడం ఉచితం కాదు.

దీవికి పోవాలంటే కట్టుబాట్లు చాలా ఉన్నాయి. అనుమతి ఉన్న పడవలలోనే పోవాలి. హద్దులు దాటనని ప్రతివారూ కాగితంమీద సంతకం చేయాలి. అలలు అర మీటరుకు మించితే దీవిమీద దిగనివ్వరు. అంతదూరం పోయి చుట్టూ తిరిగి చూసి వచ్చేవారు ఎందరో. ఆనాడు మా అదృష్టం బాగుండి గాలి లేదు. ఇల్లాలు ముందునాటినుంచే మొక్కుకున్నదట. సముద్రం పడకపోయినా పెదవి విప్పకుండా కూర్చున్నది.

దీవి దగ్గరయ్యేకొలది నౌక రూపం విడిపోయి గోడ కనబడసాగింది. మేము చెప్పదలచుకున్న ముఖ్యవిషయం ఇక్కడ ఉన్నది. హషిమా చుట్టూ గోడ ఉన్నది. అలలు లోపలికి రాకుండా రాతితోనూ సిమెంటుతోనూ దీవిచుట్టూ ఎత్తుగా కట్టారు. గోడలోపల అంతస్తుల మీద అంతస్తులుగా ఇండ్లు. గోడ దాటితే సముద్రం. పుట్టిన బిడ్డ ఆ గోడలోపలే నడక నేర్చి, ఆ గోడలోపలే బడికి పోయి, పెద్దవాడై గనిలోకి దిగేవాడు. గోడలోపల బ్రతికే జనం కథను సినిమా తీయబోయేవాడు ఈ దీవిని చూసిన తర్వాత ఇంకొక చోటికి ఎట్లా పోగలడు?

మూలకథలో ఊళ్ళు ఐరోపా ఊళ్ళలాగా, పేర్లు చాలావరకు జర్మను పేర్లలాగా ఉంటాయి. హిగుచి ఆ కథను జపాను గడ్డమీదికి తెచ్చాడు. నటులు జపానువారు. ఊరు చూస్తే జపాను పేటలా ఉంటుంది. పొలంలో పాతయుద్ధపు పేలని బాంబు పడివుంటుంది. పాడుపడిన పట్టణపు దృశ్యాలకోసం బృందాన్ని వెంటబెట్టుకుని ఈ హషిమాకే వచ్చాడు. అభిమానుల పెద్ద అభియోగం ఇదే. మూలాన్ని చెడగొట్టాడన్నారు. మాకు చెడినట్లు తోచలేదు. కాగితంమీద గీసిన ఊరిని రాక్షసుడు తొక్కితే బొమ్మను తొక్కినట్లు ఉంటుంది. ఒకప్పుడు జనం వంటలు చేసుకున్న ఇల్లు, ఇప్పటికీ కిటికీ చట్రం వ్రేలాడే ఇల్లు, దానినడుమ నటులు బిక్కుబిక్కుమంటూ నడిస్తే అది వేరు. చిత్రంలో ఒకచోట పాడుపడిన ఇండ్ల మధ్య చంటిబిడ్డ ఏడుపు వినబడుతుంది. ఒక తల్లి మనసు ఆగక పోయి చూస్తుంది. అది బిడ్డే, కాని మహాకాయుల బిడ్డ! ఆ ఘట్టం చూసినప్పుడల్లా మా ఇల్లాలు లేచి వంటింట్లోకి పోతుంది. బాగాలేని సినిమా అయితే అట్లా లేచిపోదు.

దీవిమీద దిగాము. చూడనిచ్చేది దక్షిణపు అంచున వేసిన బాట మాత్రమే. మూడుచోట్ల ఆపి చెబుతారు. మొదటిచోట, బొగ్గు మోసే పట్టాకోసం నిలిపిన సిమెంటు స్తంభాలు వరుసగా నిలబడి ఉన్నాయి. పట్టా పోయింది, స్తంభాలు మిగిలాయి. వాటి వెనుక 1958లో కట్టిన ఏడంతస్తుల బడి. రెండవచోట, గనిలోకి దిగే దారికి పోయే మెట్లూ, కార్యాలయపు ఎర్ర ఇటుకగోడ ముక్కా. మూడవచోట, 1916లో కట్టిన ఏడంతస్తుల నివాసం. జపానులో ఉక్కూ సిమెంటూ కలిపి కట్టిన ఇటువంటి పెద్ద నివాసాలలో ఇదే మొదటిది. 2020లో దానిలో కొంతభాగం కూలిపోయింది. ఏటా తుఫానులు ఇంకొంత తింటూనే ఉన్నాయి.

1890లో మిత్సుబిషి కంపెనీ దీవిని కొన్నది. సముద్రపు అడుగున వెయ్యి మీటర్ల లోతుదాకా బొగ్గు తవ్వారు. లోపల వేడి 30 డిగ్రీలు, గాలిలో తేమ 95 పాళ్ళు. పైన బడి, ఆసుపత్రి, అంగళ్ళు, గుడి, షోవాకన్ అనే సినిమాహాలు. మన్ను లేదు గనుక పచ్చదనం లేదు. మిద్దెలమీదికి మన్ను మోసుకుపోయి కూరగాయలు పెంచుకున్నారు. మంచినీళ్ళు మొదట పడవలమీద వచ్చేవి, 1957లో సముద్రం అడుగున గొట్టం వేశారు. పెట్రోలియం వచ్చి బొగ్గుకు కాలం చెల్లగా 1974 జనవరిలో గని మూశారు. ఏప్రిల్ 20 నాటికి ఆఖరి కుటుంబం పడవెక్కింది. మూడు నెలలలో ఊరు ఖాళీ! ఆ తర్వాత 35 యేళ్ళు ఎవరినీ అడుగుపెట్టనీయలేదు. 2009 ఏప్రిల్‌నుంచి చూడవచ్చేవారిని దింపుతున్నారు.

కోలారు గనులలో పుట్టినవానికి ఈ కథ కొత్తది కాదు. మా నాయన ఛాంపియన్ రీఫ్ గనిలో పనిచేశారు. మా గనులు మూడు వేల మీటర్లకు పైగా లోతు పోయాయి. 2001లో మూతబడ్డాయి. ఊరు ఖాళీ కాలేదు గాని, తెల్లవారక ముందే మారికుప్పం రైలెక్కి బెంగుళూరుకు పోయి రాత్రికి తిరిగివచ్చే ఊరైపోయింది. మావంటివారి సగం ఆయుర్దాయం ఆ రైలులోనే పోతున్నది. 2018లో మా ఊరిపేరు పెట్టుకుని ఒక కన్నడ చిత్రం వచ్చి దేశమంతా ఆడింది. అందులో చూపినవి ఏవీ మా ఊళ్ళో జరగలేదు. అయినా మా సైనైడు దిబ్బలు తెరమీద కనబడగానే హాలంతా ఈలలు. మా ఆఫీసులోనివారు, “మీ ఊళ్ళో అట్లాగే ఉంటుందా?” అని ఇప్పటికీ అడుగుతారు. అట్లా ఉండదని చెబుతాము. కాని ఆ దిబ్బను సినిమా చూసినట్లుగా మేము ఏనాడూ చూడలేదన్నది మాత్రం నిజం. రోజూ చూసేదానిని భయంకరంగానో అందంగానో మార్చి మనకే చూపించడం సినిమాకు తెలిసిన విద్య.

గనిమెట్ల దగ్గర నిలబడి ఇల్లాలు, “దిగినవాళ్ళందరూ ఇష్టపడే దిగినారా?” అని అడిగింది. బావమరిది పడవవారి మాటలను తెలుగులో చెబుతూ వచ్చాడు గాని వారి మాటలలో ఆ విషయం రాలేదు. కనుక ఇక్కడ రాయడం అవసరం. యుద్ధకాలంలో కొరియావారినీ చీనావారినీ బలవంతాన తెచ్చి ఈ గనిలో పని చేయించారు. 2015 జూలైలో ఈ దీవిని మరికొన్ని పారిశ్రామిక స్థలాలతోపాటు ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు, అనేకులను ఇష్టానికి వ్యతిరేకంగా తెచ్చి కఠిన పరిస్థితులలో పని చేయించినట్లు జపాను ప్రతినిధులే ఒప్పుకున్నారు. ఆ సంగతి చూడవచ్చేవారికి తగినట్లు చెబుతామన్నారు. చెప్పినది చాలలేదని 2021లో యునెస్కోవారి సంఘం గట్టిగా విచారం తెలిపింది. ఆ కష్టాలమీద 2017లో కొరియావారు ఈ దీవి పేరుతోనే ఒక చిత్రం తీశారు.

దీవి వారసత్వ జాబితాలో చేరిన నెల తిరక్కుండానే మా మహాకాయుల చిత్రం విడుదలయింది. అటువంటి చోట రాక్షసుల సినిమా తీయడం తగునా అని ఎవరైనా అడగవచ్చు. మేము కూడా ఆ మెట్ల ముందు నిలబడి కాసేపు ఆలోచించాము. చిత్రం రెండవభాగంలో ఏం తేలుతుంది? మహాకాయులు ఎక్కడినుంచో ఊడిపడినవారు కాదు, మనుష్యులే. ప్రభుత్వం జరిపిన ప్రయోగాలలో పుట్టినవారు. గోడలు కట్టినవారు ఆ నిజాన్ని లోపలి జనానికి చెప్పకుండా, బయటి భయాన్ని చూపి లొంగదీసి ఉంచుతారు. సహాయం చేయవలసిన సేనాధిపతే గోడ పగులగొట్టిన మహాకాయుడని చివరకు బయటపడుతుంది. పెద్దలు దాచిన సంగతి పిల్లలు తవ్వితీసే కథ ఇది. దానిని ఈ దీవిమీద తీయడం తగదని మాకు అనిపించలేదు. దీవి అందాన్నే చూపి ఊరుకునే యాత్రాపటాలకంటె అదే నయమనిపించింది.

రెండవ అభియోగం మాయలగురించి. మహాకాయులు నవ్వు పుట్టించేటట్లు ఉన్నారట. మామూలు మనుష్యులకు వేషంవేసి, వారిని పెద్దగా చూపి, చిన్న నమూనా ఊళ్ళలోనూ యంత్రంతో చేసిన దృశ్యాలలోనూ కలిపారు. గోడమీదినుంచి తొంగిచూసే ఆ పెద్దవాడు మాత్రం పలువురు కలిసి ఆడించే బ్రహ్మాండమైన బొమ్మ. మొత్తమంతా యంత్రంమీదనే గీసి ఉండవచ్చు. హాలీవుడ్డువారు అట్లాగే చేస్తారు. కాని హిగుచి పెరిగిన బడి వేరు. 1954లో ఎయిజీ త్సుబురాయా గాడ్జిల్లా చిత్రానికి మనిషికి రాక్షసబల్లి వేషం తొడిగి, నమూనా తోక్యోను తొక్కించాడు. జపానువారు ఆ విద్యను ‘తొకుసత్సు’ అంటారు. హిగుచి 1984 నాటి గాడ్జిల్లా చిత్రంలో చిన్నపనితో ప్రవేశించి, 1995నుంచి వచ్చిన మూడు గామెరా చిత్రాలకు మాయాదృశ్యాల దర్శకుడై పేరు తెచ్చుకున్నాడు. ముగ్గురు మనుష్యులు నల్లబట్టలతో వెనుక నిలిచి ఒక బొమ్మను ఆడించే ‘బున్‌రాకు’ ఆట ఆ దేశంలో ఎప్పటినుంచో ఉన్నది. మన తోలుబొమ్మలవారికి ఆ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. బొమ్మ అని తెలిసే మనం ఏడుస్తాము.

‘మాయాబజారు’లో ఘటోత్కచుడు పెరిగి పెద్దవాడై నవ్వినప్పుడు మనకు కనబడేది రంగారావుగారి ముఖమే. ఆ ముఖం లేకపోతే ఎంత పెరిగినా ఏమిటి? హిగుచి మహాకాయులకు కూడా ముఖాలున్నాయి. వీధిచివర కిళ్ళీకొట్టు దగ్గర కనబడే ముఖాలు. బట్టతలవాడు, పొట్టవాడు, పిచ్చినవ్వువాడు. వాళ్ళు కోపంతో తినరు, ఆకలితోనూ తినరు. పెళ్ళిభోజనంలో వడియం నమిలినట్లు నములుతారు. నవ్వు పుట్టించేటట్లు ఉన్నారన్న మాట నిజమే. ఆ నవ్వు గొంతులో అడ్డుపడుతుంది. మనుష్యులే మహాకాయులన్న రహస్యం రెండవభాగంలో బయటపడినప్పుడు మనం నమ్మడానికి కారణం మొదటిభాగంలో చూసిన ఆ ముఖాలే.

లోపాలు లేవని మేము అనడంలేదు. ఇంత పెద్ద కథకు ఆ నిడివి చాలదు. పాత్రలు పరిచయం కాకముందే చచ్చిపోతాయి. నడుముకు కట్టిన యంత్రంతో తాళ్ళమీద ఎగిరే దృశ్యాలు బొమ్మల కథలో ఉన్నంత జోరుగా లేవు. షికిషిమా ఆపిలుపండు కొరికి అదే పండును మికాసా చేత కొరికించే ఘట్టమంటే మా పెద్దవాడికి ఒళ్ళుమంట. మాకూ ఒళ్ళుమంటే. రెండవభాగంలో తెల్లటి గదిలో పాటలపెట్టె పెట్టుకుని చేసే ఉపన్యాసం సగానికి తగ్గించవలసినది. కాని పెళ్ళిపందిట్లో ఒక గుంజ వంకరగా ఉన్నదని పెళ్ళి జరగలేదంటారా?

ఇంకొక్క సంగతి. ఈ చిత్రం వచ్చిన మరుసటి సంవత్సరం, 2016లో, ఇదే హిగుచి, హిదెయాకి అన్నో అనే దర్శకునితో కలిసి ‘షిన్ గాడ్జిల్లా’ తీశాడు. షికిషిమాగా వేసిన హిరోకి హసెగావా అందులో నాయకుడు. మన చిత్రంలో హాంజీగా కేకలు పెట్టిన సతోమి ఇషిహరా, సేనాధిపతిగా వేసిన జున్ కునిమురా కూడా అందులో ఉన్నారు. ఆ చిత్రానికి జపాను అకాడమీవారు ఉత్తమచిత్రం బహుమానమూ, ఇద్దరు దర్శకులకు ఉత్తమ దర్శకత్వపు బహుమానమూ ఇచ్చారు. నిన్న చేతకానివాడన్న మనిషి ఒక్క యేడాదిలో చేతనైనవాడయ్యాడా? నిన్నటి పనిలో నేర్చిన చేయే నేడు మెప్పు పొందింది. నిన్నటి పనిని మాత్రం ఎవరూ తిరిగి చూడలేదు. ఎరెన్‌గా వేసిన హరుమా మియురా 2020 జూలైలో 30 యేళ్ళకే కన్నుమూశాడు. మొదటిభాగంలో మిత్రుణ్ణి కాపాడి తాను మహాకాయుని నోట పడేటప్పుడు ఆ కుర్రవాని కళ్ళు చూడండి. ఆ కష్టమంతా వృథా అనడానికి మాకు నోరు రాదు.

పడవ తిరుగుముఖం పట్టింది. దీవి చుట్టూ పడమటివైపునుంచి తిప్పి చూపించారు. అటునుంచి చూస్తే పెద్ద పెద్ద నివాసాలు గోడలోపలనుంచి పైకి తలలెత్తి ఉన్నాయి. చిత్రం చివర ఎరెన్, మికాసా పెద్దగోడ పైకెక్కి ఆవలివైపు మొట్టమొదటిసారి సముద్రాన్ని చూస్తారు. వాళ్ళు చిన్ననాటినుంచీ వినడమే గాని చూడని సముద్రం. ఇక్కడ ఐదువేలమంది ప్రతి ఉదయమూ ఆ దృశ్యమే చూసేవారు. మా పెద్దవాడు చాలాసేపు ఫోటోలు తీసి, “గోడ మట్టుకు బాగుంది నాయనా. సినిమాలో ఇంకా కాస్త చూపించి ఉండవచ్చును” అన్నాడు. ఇంచుమించు అదే మా అభిప్రాయం గనుక ఊరుకున్నాము. వాడు లెవీ సంగతి మళ్ళీ ఎత్తకముందే ఇల్లాలు పులిహోర పొట్లాలు విప్పింది.

ఎవరైనా వెళ్ళదలిస్తే తుఫానుల కాలం తప్పించి, నాగసాకిలో ఒక రోజు అదనంగా చేతిలో పెట్టుకుని వెళ్ళండి. ఒకనాడు అలలు అడ్డుపడితే మరునాడు ప్రయత్నించవచ్చు. టోపీ, మంచినీళ్ళు మరువవద్దు. దీవిమీద నీడగాని అంగడిగాని లేవు. వెళ్ళలేనివారు సినిమా చూడండి. మొదటిభాగం 98 నిమిషాలు, రెండవది 87. రెండూ కలిపితే ఇంచుమించు మన ‘మాయాబజారు’ అంత. రెంటి మధ్య రోజులు గడవనీయక ఒకే కూర్చోవడంలో చూడాలి. పసిపిల్లలను నిద్రపుచ్చి మొదలుపెట్టండి. భోజనాలు ముందే ముగించుకోవడం మంచిది.